దువ్వెన మీద మూడు గీతలు

కామాటిపురా, బొంబాయి
14 జనవరి 1940

అక్కకు సాలమన్ వందనాలు.

క్రిస్మస్‌కు వస్తానని రాలేదు కాబట్టి నా పేరు చెబితేనే నువ్వు మూతి తిప్పుతున్నావని తెలుసు. కారణం విన్నాక తిట్టు. కొమ్ము పని మానేశాను.

దసరా తర్వాత మా సేఠ్ కొమ్ములు ఏరుకు రమ్మని నన్ను కబేలాకు పంపాడు. నాయన దగ్గర పదేళ్ళు కొమ్ము కోశాను, కాచాను, నొక్కాను. కానీ ఆ కొమ్ము కింద ఒక తల ఉంటుందని ఆ రోజే చూశాను. ఒక ఎద్దు కళ్ళు ఇంకా తెరిచే ఉన్నాయి. గదికి వచ్చి రెండు రోజులు అన్నం ముట్టలేదు.

ఇప్పుడు కొత్త కార్ఖానాలో చేరాను. మన పంజగుట్ట మంగవ్వ కొడుకు హనుమాండ్లును కూడా చేర్పించాను. ఇక్కడ సెల్యులాయిడ్ అనే సరుకుతో దువ్వెనలు చేస్తాం. దూదిని, కర్పూరాన్ని ఏవో మందులతో కలిపి రేకులు తీస్తారు. రేకు కోయడం, పళ్ళు తీయడం, మెరుగు పెట్టడం అంతా మన పనే. రంగు వేశాక చూస్తే నువ్వు కూడా కొమ్మే అంటావు. కానీ అక్కా, ఇందులో ఏ జీవి ప్రాణమూ లేదు.

ఒక్క అలవాటు మాత్రం పోలేదు. ప్రతి దువ్వెన వెన్ను చివర నాయన గుర్తు, ఆ మూడు గీతలు, నా చెయ్యి దానంతటదే గీసేస్తుంది. మేస్త్రీ తిడతాడు. హనుమాండ్లు నవ్వుతాడు. "గా గీతలు చూసి ఎవడు కొంటడన్నా? జర ఆపరాదు" అంటాడు. వాడు మాత్రం ఏ గుర్తూ పెట్టడు.

మంగవ్వకు ఫికర్ వద్దని చెప్పు. వాణ్ణి కనిపెట్టుకుని ఉంటానని బయల్దేరే రోజు ఆమె చేతిలో చెయ్యి వేసి మాట ఇచ్చాను. మరిచిపోలేదు.

తిట్లకు సిద్ధంగా ఉన్న నీ తమ్ముడు,
సాలమన్


అమీర్‌పేట
2 ఫిబ్రవరి 1940

తమ్ముడికి,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ఒకసారి నవ్వొచ్చింది, రెండుసార్లు ఒళ్ళు మండింది.

నిజం చెప్పు. ఎద్దు కళ్ళు చూసి మానేశావా, లేక మనది కొమ్ములు కోసే ఇల్లని ఎవరికన్నా తెలిసి నీ పక్కన కూర్చోనన్నారా? నాయన పోయినప్పుడు సమాధి దగ్గర కూడా నువ్వు నీ గోళ్ళు చూసుకుంటూ నిలబడ్డావు, మురికి ఉందేమోనని. నేను గమనించలేదనుకోకు.

ఏ జీవి ప్రాణమూ లేదట! నీ కాళ్ళకున్న చెప్పులు ఏ చెట్టుకు కాశాయి? పోయిన ఈస్టరుకు మాంసం కూర మూడుసార్లు వడ్డించుకున్నదెవరు? నాయన ఏనాడూ చంపిన గొడ్డు కొమ్ము ముట్టలేదు. పెంటయ్య ఊళ్ళన్నీ తిరిగి, దానంతటది చచ్చిన గొడ్డు కొమ్మే తెచ్చేవాడు. ఆ మూడు గీతలకు అర్థం అదే. చచ్చినది వట్టిగా పోకుండా ఒక ఆడదాని తల చిక్కు తీస్తే తప్పేమిటి? మా అత్త వాడిన కొమ్ము దువ్వెనతోనే నేను ఇప్పటికీ దువ్వుకుంటున్నాను. కొమ్ము చిత్రిక పట్టిన పొట్టు కూడా రాజనర్సయ్య పటేలు గులాబీ తోటకు ఎరువుగా పోతుంది. నీ దూది కర్పూరం దువ్వెన విరిగితే దేనికి పనికొస్తుందో అడిగి రాయి.

మంగవ్వ ప్రతి ఆదివారం పంజగుట్ట నుంచి నడిచి వస్తుంది. నేను చర్చి నుంచి వచ్చేసరికి గడప దగ్గర కూర్చుని ఉంటుంది. నీ ఉత్తరంలో కొడుకు పేరు ఉన్నచోట వేలు పెట్టి చూపించమంటుంది. "వానికి మస్తు ఆకలి బిడ్డా. సాలమన్‌ను జర పెద్ద గిన్నెల అన్నం పెట్టుమను" అంది. రాశాను.

నీ అక్క,
జీవమణి


కామాటిపురా
3 మార్చి 1940

అక్కకు,

గోళ్ళ సంగతి నువ్వన్నావు కాబట్టి ఒప్పుకుంటున్నాను. అప్పుడు సిగ్గుపడ్డాను. ఇప్పటిది సిగ్గు కాదు. తోలు చెప్పులు కూడా మానేసి గుడ్డ బూట్లు వేసుకుంటున్నాను. నవ్వకు, వానొస్తే బురదంతా లోపలే ఉంటుంది.

ఇక నేనొకటి అడుగుతాను, కోపం తెచ్చుకోకుండా చెప్పు. మన వైపు నుంచి వచ్చిన ఒకాయన జేబులో నువ్వు చేసిన దువ్వెన చూశాను. గీతలున్నాయి, అనుమానం లేదు. కానీ పలచగా ఉంది. ముసలి గొడ్డు కొమ్ము అంత పలచన ఉండదు. పెంటయ్య తెచ్చే కొమ్ముల మొదట్లో గొడ్డు వయసు చెప్పే వలయాలెన్ని ఉంటున్నాయి? నాయన చేతిలోకి తీసుకోగానే లెక్కపెట్టేవాడు. పది పన్నెండు లేకపోతే పక్కన పడేసేవాడు. యుద్ధం వచ్చాక లష్కర్ కబేలాలో ఫౌజు కోసం రోజూ గొడ్లను కోస్తున్నారట. నువ్వు లెక్కపెడుతున్నావా అక్కా?

హనుమాండ్లుకు రంపం పొడితో దగ్గు పట్టుకుంది. మేస్త్రీని బతిమాలి రేకులు ఆరబెట్టే గదికి మార్పించాను. అక్కడ పొడి ఉండదు, కూర్చుని చేసే పని. "అన్నా, గిప్పుడు నేను దొరలెక్క ఉన్న" అని మురిసిపోతున్నాడు. అన్నం పెద్ద గిన్నెలోనే పెడుతున్నాను.

సాలమన్


అమీర్‌పేట
20 జూన్ 1940

తమ్ముడికి,

నువ్వు మార్చిలో రాశావు. నేను ఏప్రిల్‌లో ఒకటి, మేలో ఒకటి రాశాను. జవాబు లేదు. అంచె టపా వాళ్ళు పారేశారా, నువ్వు పారేశావా?

నా అనుమానాలు వరసగా చెప్తాను, ఏది నిజమో దాన్ని పట్టుకో. హనుమాండ్లుకు నీకు తగువైంది. లేదా నువ్వు అక్కడ ఎవరినో చేసుకున్నావు, చెప్పడానికి నోరు రావడం లేదు. లేదా నీకు జబ్బు చేసింది. ఇవేవీ కాకపోతే నా మీద అలిగావు. అలిగితే మాత్రం మొదటి బండికి వచ్చి నీ చెవి మెలిపెడతాను.

వలయాల గురించి అడిగావు. నేనేమన్నా కచేరీలో బోను ఎక్కానా? ఇంట్లో మగదిక్కు లేనిదాన్ని, నా చేతిలో ఉన్నది ఒక్క రంపం. పెంటయ్య ఏది తెస్తే అది కోస్తున్నాను. కొమ్ము కొమ్మే.

మంగవ్వ మాత్రం వారం తప్పడం లేదు. పాత ఉత్తరమే మళ్ళీ చదివి వినిపిస్తున్నాను. పోయిన ఆదివారం నా ముఖం కేసి చూసి, "గిది పోయినసారి సదివిందే గద జీవమ్మా" అంది. నాకు తల కొట్టేసినట్టయింది. ఒక్క ముక్క రాయి. హనుమాండ్లు ఎలా ఉన్నాడు?

జీవమణి


కామాటిపురా
9 అక్టోబరు 1940

అక్కకు,

ఆలస్యానికి క్షమించు. పని ఎక్కువగా ఉంది. ఒంట్లో బాగానే ఉంది, పెళ్ళి చేసుకోలేదు, అలగలేదు.

ఈ పార్సిల్‌లో రెండు దువ్వెనలున్నాయి. ఒకటి నీకు, ఒకటి మంగవ్వకు. హనుమాండ్లు పంపాడని ఆమెకు చెప్పు.

కొమ్ము ఊసు ఇక ఎత్తను. నాకు ఆ హక్కు లేదు. నువ్వే దువ్వుకుని చూడు, మెత్తగా ఉంటుంది. ఏ జీవి ప్రాణమూ లేదు.

సాలమన్


అమీర్‌పేట
3 నవంబరు 1940

సాలమన్‌కు,

పార్సిల్ అందింది. ఒక పొట్లం మంగవ్వకు ఇచ్చాను. విప్పి వాసన చూసి "గుడిల కర్పూరం లెక్కున్నది" అంది. సంతోషించింది. నాది బాగుంది. కళ్ళు మసకగా ఉన్నాయి. ఇంతే.

జీవమణి


కామాటిపురా
25 నవంబరు 1940

అమీర్‌పేటలో మా అక్క జీవమణి పేరుతో ఉత్తరం రాసినవారికి,

మీరెవరో నాకు తెలియదు. ఇది మా అక్క రాత కాదు. మా అక్క మిషన్ బడిలో రాతకు బహుమతి తెచ్చుకున్న మనిషి. ఈ అక్షరాలు తాగి నడిచినట్టున్నాయి. రాత సంగతి అటుంచితే, మా అక్క తిట్టు లేకుండా ఉత్తరం ముగించడం నా జన్మలో చూడలేదు. ఒక ప్రశ్న లేదు, ఒక అనుమానం లేదు, ఏడే వాక్యాలు.

పెంటయ్యా, నువ్వేనా? లేక రాజనర్సయ్య పటేలు రాయించారా? ఆమెకు ఏదో అయింది, నా దగ్గర దాస్తున్నారు. మనిషి లేకపోయినా ఉన్నట్టు ఉత్తరాలు రాయడం ఎలాగో నాకు తెలుసు కాబట్టి అడుగుతున్నాను. మా అక్క ప్రాణాలతో ఉంటే, మా ఇద్దరికే తెలిసిన సంగతి ఒకటి రాయించి పంపండి. వెంటనే.

సాలమన్


అమీర్‌పేట
15 డిసెంబరు 1940

ఓరి తిక్కలోడా,

బతికే ఉన్నాను. రుజువు కావాలా? నీకు తొమ్మిదేళ్ళప్పుడు చెక్క దువ్వెనకు మసి, ఆముదం పూసి కొమ్ము దువ్వెనని నాకిచ్చావు. చేసింది నువ్వేనని ప్రమాణం కూడా చేశావు. నేను చువ్వ కాల్చి అంటించాను. కొమ్ముకు రావాల్సిన వెంట్రుకలు కాలిన వాసన రాలేదు, పొయ్యిలో కట్టె వాసన వచ్చింది. నాయనకు చెప్పొద్దని నా కాళ్ళు పట్టుకున్నావు. నేను చెప్పలేదు. చాలా?

రాత నాదే, చెయ్యి మారింది. ఎడమ చేత్తో రాస్తున్నాను. ఎందుకో చెప్పాలంటే నా బుద్ధి కూడా బయటపెట్టుకోవాలి. అందుకే కళ్ళు మసక అన్నాను.

నీ పార్సిల్ విప్పి నా దువ్వెన చూశాను. అచ్చం కొమ్ము. వెన్ను చివర బొటనవేలితో తడిమాను. మూడు గీతలు లేవు. నీ చెయ్యి గీతలు గీయకుండా ఉండదని నువ్వే రాశావు. అంటే ఇది నువ్వు చేసింది కాదు. ఏ దుకాణంలోనో కొమ్ము దువ్వెన కొని, కొత్త సరుకని నా ముందు గొప్పలు పోతున్నావనుకున్నాను. మన ఇంట్లో అనుమానం వస్తే ఏం చేస్తామో నీకు తెలుసు. చువ్వ ఎర్రగా కాల్చి అంటించాను.

వాసన చూసేందుకు కూడా వ్యవధి ఇవ్వలేదురా అది. భగ్గున లేచింది. కరిగి అరచేతికి అంటుకుంది. విదిల్చినా పోలేదు. చుట్టుపక్కల వాళ్ళు బూడిద చల్లి, నీళ్ళు పోసి, బేగంపేట దవాఖానకు తీసుకుపోయారు. కుడిచేతి రెండు వేళ్ళు అతుక్కుపోయాయి. రంపం పట్టలేను.

ఇంకో మాట కూడా చెప్పేస్తాను. వలయాలు రెండో మూడో ఉంటున్నాయి. లేత గొడ్లు. పెంటయ్య లష్కర్ నుంచే తెస్తున్నాడు, నాకు మొదటి రోజునుంచీ తెలుసు. తెలిసీ నాయన గీతలు గీశాను. చెయ్యి కాలినప్పుడు ముందు ఆ పాపమే గుర్తొచ్చింది.

ఇప్పుడు నీ వంతు. అది అలా మండుతుందని నీకు తెలియదా? రోజూ దాంట్లోనే పనిచేస్తూ ఒక్క ముక్క ఎందుకు రాయలేదు? మనిషి లేకపోయినా ఉన్నట్టు రాయడం నీకెలా తెలుసు? హనుమాండ్లు ఎక్కడ?

జీవమణి


కామాటిపురా
2 జనవరి 1941

అక్కా,

హనుమాండ్లు లేడు. పోయిన ఏప్రిల్‌లో పోయాడు.

ఆరబెట్టే గదిలో రేకులు అంటుకున్నాయి. మెరుగు పెట్టే యంత్రం నుంచి నిప్పురవ్వ వచ్చిందని మాకందరికీ తెలుసు. గదికి ఒక్కటే తలుపు. మేం నీళ్ళు తెచ్చేలోపు అంతా అయిపోయింది. ఎంతసేపు పట్టిందో నువ్వే చూశావు, నీ చేతిలోనిది చిన్న దువ్వెన, అక్కడ గది నిండా రేకులు. ఆ గదికి వాణ్ణి పంపమని మేస్త్రీని బతిమాలింది నేను.

తర్వాత కార్ఖానా వాళ్ళు ఒక కాగితం తెచ్చారు. హనుమాండ్లు లోపల బీడీ కాల్చాడని, నేను కళ్ళారా చూశానని. సంతకం పెట్టాను. వాడు జన్మలో బీడీ ముట్టలేదక్కా. వాడు పోయాడని మంగవ్వకు రాస్తే ఎలా పోయాడని అడుగుతుంది. ఎలా పోయాడో రాస్తే నా సంతకం కూడా రాయాలి. రేపు రాద్దాం, వచ్చే వారం రాద్దాం అనుకుంటూ ఆరు నెలలు గడిచాయి. అప్పటికి రాయడం ఇంకా కష్టమైపోయింది.

ఇది ఎంత త్వరగా అంటుకుంటుందో రాయాల్సింది. మన ఇంటి చువ్వ సంగతి నాకు తెలియదా? కానీ ఆ మాట రాస్తే "నీకెలా తెలుసు" అంటావని భయపడ్డాను. నీ చెయ్యి నేనే కాల్చాను. ఏ జీవి ప్రాణమూ లేదని రాసిన ప్రతిసారీ వాడి ముఖం కనిపించేది. అయినా రాశాను.

ఆ రెండు దువ్వెనల్లో ఒకటి వాడు చేసిందే. వాళ్ళమ్మకని పెట్టెలో దాచుకున్నాడు. వట్టిగా అదొక్కటే పంపితే అనుమానం వస్తుందని, అదే రంగు, అదే కొలతతో నీకోసం ఇంకొకటి చేశాను. పొట్లాలు ఒకేలా కట్టి, గీతలు చూసి పోల్చుకుంటావులే అని దేని మీదా పేరు రాయలేదు. గీతలున్నది నాది. గీతలు లేనిది వాడిది.

ఇది రాశాక ఇప్పుడు చూస్తున్నాను, నువ్వు కాల్చినదానికి గీతలు లేవన్నావు.

సాలమన్


అమీర్‌పేట
19 జనవరి 1941

సాలమన్,

నీ ఉత్తరం నాకు మొన్న అందింది. రోజంతా నిన్ను తిట్టాను, ఇక్కడ మళ్ళీ రాయను. నిన్న పొద్దున పంజగుట్ట పోయాను.

మంగవ్వ గుడిసె ముందు బండ మీద ఎండకు కూర్చుని తల దువ్వుకుంటోంది. ఆ దువ్వెనతోనే. నన్ను చూసి, ఆదివారం దాకా ఆగకుండా నేనే వచ్చానని లేచి నిలబడింది. కూర్చోబెట్టి చెప్పాను. నిప్పు గురించి చెప్పాను, బీడీ సంగతి అబద్ధమని చెప్పాను, సంతకం నీదని కూడా చెప్పాను. దాచలేదు.

ఆమె దువ్వెన తీసి ఒళ్ళో పెట్టుకుంది. తర్వాత, "ఏప్రిల్ల పోయిండా? మరి నేను దసరాకు గూడ వాని పేరు మీద పచ్చడి పెట్టి ఎవరన్న బొంబాయి పోతరేమోనని సూసిన" అంది. అప్పుడు ఏడ్చింది. నేనూ ఏడ్చాను.

పొయ్యి దగ్గరికి ఆ దువ్వెన తీసుకుపోవద్దని నా చెయ్యి చూపించి మళ్ళీ చెప్పాను. నాకిచ్చేయమన్నాను. ఇవ్వలేదు. చూడటానికి మాత్రం ఒక్క నిమిషం చేతిలో పెట్టింది. ఎడమ బొటనవేలితో వెన్ను చివర తడిమాను. ఒకటి, రెండు, మూడు.

"గిది నా కొడుకు చేసిందేనా బిడ్డా?" అని అడిగింది. "గీ గీతలేంది మరి?"

వాడు తల్లి కోసం చేసుకున్నదాన్ని నేను నిన్ను నమ్మక, నా పొయ్యి ముందు కాల్చి చూశాను. ఆ మాట నోటిదాకా వచ్చింది. చెప్పాలనే పోయానురా. ఆమె రెండు చేతులూ చాచి ఉంది, దువ్వెన తిరిగి ఇవ్వమని.

"నీ కొడుకు చేసిందే అవ్వా. గది వాని గుర్తు" అన్నాను.

ఆమె ఆ గీతల మీద వేలు పెట్టి, ఉత్తరంలో వాడి పేరు మీద పెట్టినట్టే పెట్టి, అలాగే కూర్చుంది. లోకంలో ఎవరి మాటకైనా చువ్వ పెట్టి చూసే నేను చెప్పిన అబద్ధం అది. ఆమె పరీక్షించలేదు.

పెంటయ్యకు చెప్పాను, లేత కొమ్ము నా గడప తొక్కకూడదని. ముసలి గొడ్డుది దొరికితే తెస్తాడు, దొరకకపోతే లేదు. రంపం ఎడమ చేత్తో పట్టడం నేర్చుకుంటున్నాను. నువ్వు ముందు కార్ఖానాకు పోయి, ఆ కాగితం మీద నీ సంతకం అబద్ధమని మేస్త్రీ ముందు, నలుగురి ముందు చెప్పు. వాళ్ళు పనిలోంచి తీసేస్తే తీసేయనీ. తర్వాత బండెక్కు. మంగవ్వ నిన్ను రమ్మంది. "నా ఎదురుంగ కూసోని సెప్పుమను" అంది.

ఆమె నీకు దువ్వెన చూపిస్తుంది. నీ చేత్తో నువ్వు గీసిన గీతలు చూపించి, ఇవి నా కొడుకు గుర్తంటుంది. అవునను. ఇక అవి నాయనవి కావు, మనవి కావు. నేను మళ్ళీ గీయను. నువ్వు కూడా గీయకు.

జీవమణి